చెయ్యి రాని కత్తి

మా దుకాణంలో కత్తి చేయించుకోవాలంటే ముందు పిండి ముద్ద పట్టుకోవాలి. గోధుమపిండిలో ఉప్పు దండిగా వేసి, చపాతీ పిండి కంటే గట్టిగా నేనే పిసికి, తడిగుడ్డ కప్పి ఉంచేదాన్ని. వచ్చిన మనిషి కత్తి పట్టుకున్నట్టే దాన్ని గట్టిగా పట్టుకుని వదలాలి. నాలుగు వేళ్ల పల్లాలు, బొటనవేలి గుంట, అరచేతి ఒత్తిడి అన్నీ అందులో పడతాయి. ముద్దను ఎండబెట్టి ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూస్తూ పిడిని ఆకురాయితో అరగదీసేదాన్ని. కొలిమి, సమ్మెట, సాన మా ఆయనవి. పిడి, ఒర, చివరి మెరుగు నావి.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక సందులో ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మాంసం కొట్టేవాళ్లు, హోటళ్ల వంటవాళ్లు, కొబ్బరి బోండాల వాళ్లు. బక్రీద్ ముందు పదిరోజులు అన్నం తినడానికి కూడా తీరేది కాదు.

ఈ ముద్ద ఆచారం మా మామగారి నాటిది కాదు. నేను పెట్టింది. తొంభైల మొదట్లో ఎక్కడో ఒక కొట్లాటలో ఒక కత్తి దొరికింది. దాని వెన్ను మీద మా ముద్ర ఉంది, పిడి పక్కన మూడు చుక్కలు. జీపు వచ్చి మా ఆయనను తీసుకుపోయింది. మూడు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న అడిగారట, ఇది ఎవరికి చేసిచ్చావని. ఎన్నో కత్తులు చేసిన మనిషి, ఏ కత్తి ఎవరి దగ్గరికి పోయిందో ఏం చెప్తాడు. మూడో రోజు ఆ కత్తి వాడిన మనిషి వేరే చోట దొరికితే ఈయన్ను వదిలేశారు. ఇంటికొచ్చి నెల రోజులు కొలిమి వెలిగించలేదు. సందులోకి ఏ బండి తిరిగినా లేచి నిలబడేవాడు. ఇంకోసారి తీసుకుపోతే ఈ మనిషి మళ్లీ సుత్తి పట్టడని నాకు తెలిసిపోయింది. అప్పటి నుంచి పట్టుకునే చెయ్యి దుకాణానికి రాకుండా కత్తి బయటికి పోలేదు. పని అయ్యాక ముద్దను చీటీతో సహా అటక మీద పెట్టేదాన్ని. ఎవరైనా వచ్చి ఎవరికిచ్చావని అడిగితే చెయ్యి తీసి చూపించవచ్చు. చీటీ మీద పేరు మా ఆయన రాసేవాడు. నాకు అప్పటికి అక్షరం రాదు. ముద్దను చూస్తే మనిషి గుర్తొచ్చేవాడు కాబట్టి చీటీతో నాకు పని పడలేదు.

ఆ దశాబ్దం చివర్లో, చలికాలంలో, ఒక మనిషి స్కూటర్ మీద వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇల్లు గన్‌ఫౌండ్రీలో, ఆఫీసు ఖైరతాబాద్‌లో అన్నాడు. గొర్రెల కాపరి బొమ్మ ఉన్న క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఒకటి తీసి మా ఆయన ముందు పరిచాడు. పిడి వదిలితే కత్తి అలుగు జానెడు లోపే, వెన్ను మొన దగ్గర కొద్దిగా కిందికి వాలి ఉంది. పొట్ట దగ్గర గుండ్రం.

మా ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"వేట కత్తి సార్ ఇది. తోలు తీసేటందుకు. ఎవరు గీసిన్రు?"

"నేనే గీసిన. చేస్తరా?"

"నేను చేయకుంటే ఎవరు చేస్తరు?"

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు మొదటి అనుమానం వచ్చింది, వచ్చినవాడి మీద కాదు, ఈయన మీద. ఉల్లిగడ్డల కత్తులు, బోండాల కత్తులు చేసి చేసి విసిగిన మనిషి. మంచి పని దొరికితే అడగాల్సినవి అడగడు.

వచ్చినాయన సంచిలోంచి ఇంకో రెండు తీశాడు. ఒకటి న్యూస్ పేపర్లో చుట్టిన దుప్పి కొమ్ము, పాతది, దుమ్ము పట్టింది. రెండోది తువ్వాలులో చుట్టిన మైనం ముద్ద. కొవ్వొత్తులు కరిగించి చేసినట్టుంది. దాని మీద ఒక చెయ్యి పడి ఉంది.

"గీడ చెయ్యి పట్టియ్యాలెనని విన్న. అందుకే ఇంటికాడనే పట్టిచ్చుకోని తెచ్చిన."

"ఎవరి చెయ్యి?" అని నేను అడిగాను.

"మా ఇంట్ల మనిషిది."

"ఆ మనిషి ఏడి?"

"రాలేడమ్మా."

"దుకాణం దాకా రాలేనోడు అడివికి ఎట్ల పోతడు సార్?"

మా ఆయన దగ్గాడు. "నువ్వు లోపలికి పో. సార్‌కు చాయ్ పెట్టు."

చాయ్ పెట్టాను కానీ చెవి ఇటే ఉంచాను. వచ్చినాయన నెమ్మదిగా మూడు షరతులు చెప్పాడు. కత్తి మీద ముద్ర ఏదీ ఉండొద్దు. ఒరలోంచి తీసినప్పుడు చప్పుడు రావద్దు. ఇంటికి కబురు పంపొద్దు, తానే వచ్చి చూసుకుంటాడు. మూడింటికీ మా ఆయన సరే అన్నాడు. చాయ్ గ్లాసు ఆ సార్ ముందు పెడుతూ చేతులు చూశాను. మెత్తటి చేతులు. మైనం మీద ఉన్న చెయ్యి అది కాదు. అది ఎముకలు తేలిన పెద్ద చెయ్యి.

ఆయన వెళ్లాక ముద్దను వెలుతురులోకి తీసుకెళ్లి తిప్పి చూశాను. ఎన్నో చేతులు చూసినదాన్ని. కోసేవాడు కత్తి పట్టుకుంటే బొటనవేలు అలుగు వైపు ముందుకు చాపుకుని ఉంటుంది. ఈ ముద్దలో బొటనవేలు పై కొసను మూత పెట్టినట్టు కప్పేసి ఉంది. ఆ కొసలో అలుగు రావడానికి చోటే లేదు. చిటికెన వేలు ఉన్న రెండో కొస దగ్గర పిన్నుతో గీత గీసి ఉంది, అలుగు ఇటు అని. అంటే పిడికిలి కింది నుంచి కత్తి దిగుతుంది. పక్కన ఉన్న ఆకురాయిని అలా పట్టుకుని చూశాను. చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఇది కోసే చెయ్యి కాదు," అన్నాను మా ఆయనతో. "పొడిచే చెయ్యి."

"మనుషులు ఎట్లనన్న పట్టుకుంటరు. ముద్ద ఎట్లుంటే పిడి గట్ల చెయ్యి. నీ పని గదే గదా?"

"ముద్ర వద్దనె. చప్పుడు రావద్దనె. ఇంటికి కబురు వద్దనె. నీకేం అనిపిస్తలేదా?"

"ముద్ర లేకుంటే మనకే మంచిది. మనదని ఎవనికి తెలుస్తది?"

"గీ పట్నంల గింత మంచి కత్తి ఇంకెవరు చేస్తరు? సీదా మన సందుకే వస్తరు."

మెచ్చుకున్నానో భయపెట్టానో ఆయనకు అర్థం కాలేదు. నవ్వి కొలిమి దగ్గరికి పోయాడు.

లారీ కమాన్ పట్టీ ఉక్కు ముక్కతో మొదలుపెట్టాడు. మామూలుగా అయితే ఒక పొద్దుటికి ఒక కత్తి సాగగొట్టే మనిషి దీన్ని నాలుగు రోజులు కొట్టాడు. కొట్టడం, చల్లార్చడం, బొమ్మ మీద పెట్టి చూడడం, మళ్లీ కాల్చడం. వాలు కుదరలేదని ఒకదాన్ని పక్కన పడేసి ఇంకో ముక్క తీసుకున్నాడు. ఆకారం వచ్చాక అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఆ తర్వాత వేడి రేకు మీద పెట్టి రంగు మారేదాకా రెప్ప వేయకుండా చూశాడు. ఎండుగడ్డి రంగు రాగానే పట్టకారుతో ఎత్తి నన్ను పిలిచాడు.

"చూడు. గీ రంగు. ఒక్క చిటికెడు ఎక్కువైతే నీలం, తక్కువైతే పుటుక్కుమంటది."

చూశాను. నిజంగానే అందంగా ఉంది. అందుకే ఇంకా భయమేసింది.

కొమ్మును నిలువునా రెండుగా కోసి ఇచ్చాడు. కొమ్ము అరగదీస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కూర్చునేదాన్ని. ఆ ముద్దను ఒళ్లో పెట్టుకుంటే ఎవరో నా మోకాలు పట్టుకున్నట్టు ఉండేది. పని మెల్లగా చేశాను. మా ఆయన ఏమైందని అడిగితే కొమ్ము గట్టిగా ఉందని చెప్పాను.

పిడిని కొంచెం తప్పుగా అరగదీయవచ్చని ఆలోచన రాకపోలేదు. ఒక పల్లం ఇటు జరిపితే చాలు, గట్టిగా పొడిస్తే చెయ్యి జారి వాడి వేళ్లే తెగుతాయి. కానీ రెండు రోజులు ఆలోచించి దానికి వ్యతిరేకంగా చేశాను. అచ్చం ఆ చేతికే దిగేలా, ఇంకో చెయ్యి పట్టుకుంటే కుదరనంతగా దించాను. రేపు ఏదన్నా జరిగితే ఈ పిడే సాక్ష్యం చెప్తుంది. ఎవరి బొటనవేలు ఈ గుంటలో కూర్చుంటుందో వాడిదే ఈ కత్తి. అంత శ్రద్ధగా నేను ఏ పిడీ చేయలేదు. మొదట ముతక ఆకురాయి, తర్వాత సన్నది, తర్వాత మూడు రకాల ఉప్పు కాగితం, చివర అవిసె నూనె పూసి గుడ్డతో రుద్దడం. ఒర లోపల మెత్తటి మేకతోలు అతికించాను. కత్తి లాగితే ఊపిరి వదిలినంత చప్పుడు కూడా రాలేదు. దాన్ని నాలుగైదుసార్లు లాగి చూసి, ఇంత బాగా ఎందుకు చేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈలోపు స్కూటర్ ఆయన రెండుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ స్కూటర్‌ను మా దుకాణం ముందు కాకుండా నాలుగు దుకాణాల అవతల నిలిపేవాడు. ఆఫీసు టైములోనే వచ్చేవాడు. రెండోసారి వచ్చినప్పుడు అలుగును వేలితో తడిమి అడిగాడు.

"ధార పెట్టిన్రా?"

"చివర్న పెడతం సార్," అన్నాడు మా ఆయన.

"నేనొచ్చేదాంక పెట్టకుండ్రి."

ఆ మాటకు నేను ఒక అర్థం చేసుకున్నాను. తన ముందే పదును పెట్టించుకుని, దేని మీదైనా పరీక్ష చేసి చూసుకుంటాడని. ఆ ఆదివారం నేను ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట నడుస్తుంటే ఆయన కనిపించాడు. పుస్తకాల మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూసి చూడనట్టు లేచి అవతలి వైపు వెళ్లిపోయాడు. అది కూడా మనసులో రాసుకున్నాను.

మా ఆయన మాత్రం ఆగలేదు. అంత బాగా కుదిరిన అలుగును పదును లేకుండా చూడలేకపోయాడు. సాన మీద, రాయి మీద, చివర తోలు పట్టా మీద పట్టి, ముంజేతి వెంట్రుకలు గీసి నాకు చూపించాడు.

"సార్ వద్దన్నడు గదా?" అన్నాను.

"చూసినంక వద్దంటడా?"

మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. మా ఆయన ఆకురాళ్ల కోసం ట్రూప్ బజార్ పోయాడు. దుకాణంలో నేనొక్కదాన్నే. కత్తి నా వెనక బియ్యం డబ్బాలో ఉంది.

"అయిందామ్మా?"

"అయింది. ఇయ్య."

"ఏంది?"

"చెయ్యి చూపిస్తే కత్తి ఇస్త. మా దుకాణంల గదే రివాజు. మా ఆయన ఒప్పుకున్నడు గని నేను ఒప్పుకోలే."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. జేబులోంచి స్కూటర్ తాళం తీసి, "సరే రా అమ్మ. గన్‌ఫౌండ్రీనే గదా. స్కూటర్ మీద పోదాం," అన్నాడు.

"నేను స్కూటర్ ఎక్క."

కత్తిని గుడ్డలో చుట్టి సంచిలో అడుగున పెట్టాను. దాని పైన తడి పిండి ఉన్న టిఫిన్ డబ్బా. సందు మొదట్లో పూలమ్మే ముసలమ్మ దగ్గర ఆగి ఆయన వినేట్టే చెప్పాను.

"అవ్వా, నేను ఈ సార్ ఎంబడి గన్‌ఫౌండ్రీ పోతున్న. దీపాలు పెట్టేయాళ్లకు రాకపోతే మా ఆయనకు చెప్పు. సార్ ముఖం జర చూసుకో."

అవ్వ ఆయన ముఖం, చెప్పులు, స్కూటర్ నంబరు అన్నీ చూసింది. "పెన్నులు రెండున్నయి," అంది. "ఎర్కుంటది పో."

నాంపల్లి నుంచి ఆబిడ్స్ మీదుగా ఆయన స్కూటర్ తోసుకుంటూ, నేను నాలుగు అడుగులు వెనక. పోస్టాఫీసు చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఒకసారి వెనక్కి తిరిగి, "అమ్మా, నేను దొంగను కాదు," అన్నాడు. ఆ మాట దొంగలు కూడా అంటారు. ఆ నాలుగు అడుగుల దూరం అలాగే ఉంచుకున్నాను.

ఇల్లు పై అంతస్తులో. ఆయన తాళం తీశాడు. మనిషి లోపల ఉండగా బయటి నుంచి తాళం. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

లోపల కిటికీ పక్కన కుర్చీలో ఒక ముసలాయన. పెద్ద ఎముకల మనిషి, ఒంటి మీద మాంసం లేదు. గోడకు దుప్పి కొమ్ము ఒకటే ఉంది. రెండోది ఉండాల్సిన చోట సున్నం తెల్లగా ఉంది. మోకాళ్ల మధ్య చేతికర్ర నిలబెట్టుకుని దాని తలను పట్టుకున్నాడు. నాలుగు వేళ్లు చుట్టూ, బొటనవేలు పైన మూత పెట్టినట్టు.

నేను నెల రోజులు ఒళ్లో పెట్టుకున్న చెయ్యి అది. చేతికర్ర పట్టుకునే చెయ్యి. మైనం ముద్ద ఇచ్చి పట్టుకో నాయినా అంటే, రోజూ కర్రను ఎలా పట్టుకుంటాడో అలాగే పట్టుకున్నాడు. పై కొస మూసుకుపోయేసరికి కొడుకు కింది కొస దగ్గర గీత పెట్టాడు.

"ఎవరు నువ్వు? కొత్త పనామెవా?" అన్నాడు ముసలాయన. "నా కత్తి తీసింది నువ్వేనా?"

"తీయలే సార్. తెచ్చిన."

అనకుండా ఉండాల్సింది. ఆయన కళ్లు సంచి మీద పడ్డాయి. చెయ్యి చాపాడు. కొడుకు వద్దన్నట్టు తల ఊపాడు. నేను ఒరతో సహానే ఇచ్చాను. ఆయన ఒర లాగేస్తాడని నాకు తట్టలేదు. చప్పుడు రాని ఒర కాబట్టి లాగిన సంగతి కూడా తెలియలేదు. చూసేసరికి అలుగు బయట ఉంది.

కొడుకు ఒక అడుగు ముందుకు వేశాడు. "ధార పెట్టిన్రా?" అన్నాడు నాతో. నేను తల ఊపాను.

ముసలాయన కత్తిని వెలుతురులోకి ఎత్తి వెన్ను వాలు చూశాడు. అంచును ఎడమ బొటనవేలి గోరు మీద ఆనించాడు. తెలిసినవాళ్లు అలాగే చూస్తారు, పదును ఉంటే గోటిలో కరుచుకుంటుంది, లేకపోతే జారుతుంది. కరుచుకుంది. చెయ్యి ఒక్క పిసరు వణికితే వేలు తెగేది. అంతసేపు కర్ర మీద వణుకుతూ ఉన్న చెయ్యి అప్పుడు వణకలేదు. కుడిచేతి బొటనవేలు పిడి కొస మీంచి దానంతటదే జారి ముందుకు వచ్చి వెన్ను మీద పడుకుంది. కోసేవాడి పట్టు. పిడి మీద నేను అంత శ్రద్ధగా దించిన పల్లాలేవీ ఆయన వేళ్లకు అందలేదు.

"ధార మంచిగున్నది," అన్నాడు. "గని ఇది నాది కాదు. ఎవడో నా పిడి మార్చిండు."

కత్తిని తిప్పి పిడి నా వైపు పెట్టి ఇచ్చేశాడు. నేను దాన్ని ఒరలో పెట్టాక గానీ కొడుకు పక్కకు జరగలేదు.

నేను టిఫిన్ డబ్బా తీసి, ఒరలో ఉన్న కత్తి పిడి చుట్టూ పిండి కప్పి, "సార్, జింక తోలు తీస్తున్నట్టు పట్టుకోండ్రి," అన్నాను. ఆయన పట్టుకున్నాడు. "ఇది ఏం జింక, పిండి జింక," అని గొణిగాడు కూడా.

మెట్ల మీద కొడుకు చెప్పాడు. వాళ్ల నాయిన అడవి శాఖలో మెదక్ వైపు పనిచేశాడు. వేట బంద్ కాకముందు దొరల వెంట పోయేవాడు, ఆ కత్తి అప్పటిది. ఇప్పుడు మతి నిలవడం లేదు. ఒక పొద్దున కత్తి పట్టుకుని వంటింటి గడపలో నిలబడి కోడల్ని ఎవరు నువ్వని అడిగాడు. ఆమె బడిలో టీచర్. ఆ రోజే కత్తి తీసి ఎవరికో ఇచ్చేసింది. ఎవరికిచ్చిందో చెప్పదు. అప్పటి నుంచి ముసలాయన దిండు కింద తడుముకోవడం, ఇంట్లో అందరినీ దొంగలనడం. కొడుకు ఆమెకు తెలియకుండా అలాంటిదే చేయిద్దామనుకున్నాడు. పాతదాని మీద ముద్ర లేదు కాబట్టి దీని మీదా ఉండొద్దు. ఆమెకు వినపడకుండా ఒర చప్పుడు చేయొద్దు. పదును ఉండొద్దు.

"మరి మొదలే చెప్పరాదా సార్, ధార వద్దని?"

"ధార లేని కత్తంటే ఉస్తాద్ డబ్బా రేకుతోని చేసిస్తడనుకున్న. నాయిన చేతికి బరువు తెలుస్తది."

"మేము గట్ల చెయ్యం."

"నాకెట్ల తెలుస్తదమ్మా. మీరెవరో నాకు ఎర్కనా?"

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను.

ఇంటికొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, ఒంటరిగా పోయినందుకు. ఆయన పిడిని తిప్పి చూసి మెల్లగా అన్నాడు.

"నువ్వు ముందే చూసినవ్ గదా, పట్టు తప్పున్నదని."

"చెప్పిన గదా. పొడిచే చెయ్యన్న."

"పొడిచేటోడన్నవ్. ముద్ద తప్పు పట్టిచ్చిన్రేమో, జర అడుగుదాం అన్నవా?"

అనలేదు. ఇన్ని ముద్దలు చూసినదాన్ని, కూరగాయల మార్కెట్లో చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్లను రోజూ చూసినదాన్ని, ఒక్కసారి అడిగితే తేలిపోయేది. భయం పెట్టుకున్న కన్నుతో చూశాను కాబట్టి ఒకటే కనిపించింది.

రివిట్లు తొలిచి పిడి ఊడదీశాము. కొమ్ము మళ్లీ అతికేది కాదు. కొడుకు గోడ మీది రెండో కొమ్ము తెచ్చిచ్చాడు. ఈసారి పిడి మూడు రోజుల్లో అయిపోయింది. ముద్దకు ముద్దగా దిగింది. పదును తీసే పని మా ఆయన నాకు ఇవ్వలేదు. నా వైపు వీపు పెట్టి కూర్చుని, గరుకు రాయి మీద అంచును నిలువుగా పెట్టి గీశాడు. మూడు గీతలు. మూడో గీత తర్వాత గోటి మీద పెట్టి చూసుకుని, జారిపోగానే గుడ్డలో చుట్టేశాడు.

అంతటితో నాకు నిద్ర పట్టాల్సింది. పట్టలేదు. తీసిన పదును మళ్లీ రాదని ఎవరన్నారు. లోపల ఉన్నది మా ఆయన కాల్చి నూనెలో ముంచిన ఉక్కు. ఏ సాన మీద పెట్టినా కాసేపట్లో లేచి కూర్చుంటుంది. పొద్దున్నే పేపర్లో నగరం పేజీ చదివి వినిపించమని మా ఆయనను అడిగేదాన్ని. గన్‌ఫౌండ్రీ అని వస్తే రెండుసార్లు చదివించేదాన్ని. ఏమీ రాలేదు, ఏ జీపూ మా సందులోకి తిరగలేదు. అయినా చాలా ఏళ్ల తర్వాత చదవడం నేర్చుకున్నాక కూడా మొదట ఆ పేజీయే తిప్పేదాన్ని.

రెండు నెలల తర్వాత కొడుకు ఇంట్లో కత్తెర పదును పెట్టించడానికి వచ్చాడు. స్కూటర్ మా దుకాణం ముందే నిలిపాడు. నాయిన ఎలా ఉన్నాడని అడిగితే నవ్వాడు.

"కత్తి నాదేనంటుండు. పిడి బరాబర్ కుదిరింది. గని ఎవరో ధార తీసిన్రని లొల్లి. కిటికీల కెల్లి సైకిల్ సానోన్ని పిలుస్తుండు."

"పిలిస్తే?"

"పైకెవరొస్తరమ్మా. తాళం ఉంటది గదా."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. నేను మర్నాడు గన్‌ఫౌండ్రీ పోయాను. రెండు సందులు తిరిగితే సానవాడు దొరికాడు. సైకిల్ స్టాండు వేసి, తొక్కుతూ ఎవరిదో కత్తిపీట పదును పెడుతున్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా నిలబడి చెప్పాను.

"అన్నా, గా మూల మీది ఇంట్ల పైన ఒక ముసలాయన ఉంటడు. కొమ్ము పిడి కత్తి. కిటికీల నుంచి కింద పడేస్తడేమో. ఇస్తే ధార పెట్టకు."

"ఎందుకక్కా?"

"ఆయనకు మతి సరిగ లేదు."

"నువ్వు వాళ్ల చుట్టానివా?"

"కాదు."

"గా ఇంట్ల పనిచేస్తవా?"

"కాదు."

అతను కత్తిపీటను సాన మీంచి తీసి పక్కన పెట్టాడు. నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

"నేను పెట్టకుంటే ఇంకో ముగ్గురు తిరుగుతరు గీ గల్లీలల్ల. వాళ్లకు గూడ చెప్తవా?" అన్నాడు. "ఇంతకు గా ముసలాయన కత్తి మీద నీకెందుకక్కా గంత కన్ను?"

మాది కత్తుల దుకాణం అని చెప్పబోయి ఆగిపోయాను. అది చెప్తే నాంపల్లి అని, సందు అని, మా ఆయన పేరు దాకా పోతుంది. ఏమీ లేదన్నా అని వెనక్కి తిరిగాను. మూల దాకా నడిచి ఒకసారి చూశాను. అతను సైకిల్ తొక్కడం లేదు. పక్కింటి ఆమెను పిలిచి నా వైపు చెయ్యి చూపిస్తున్నాడు.